శుక్రవారం పెట్టె

గోదామక్క ఒకచోట కుదురుగా కూర్చుని ఉండగా చూసినవాళ్లు ఆ కంపెనీలో లేరు. సర్వర్ గదిలో ఆవిడ కోసమని వేసిన కుర్చీ మీద పాత కీబోర్డులు, తీగల చుట్టలు, తుడుపు గుడ్డలు కొలువు తీరి ఉండేవి. ఆవిడ మాత్రం తాళాల గుత్తి గలగలలాడించుకుంటూ కింద గదిలోంచి పై అంతస్తుకు, పై అంతస్తులోంచి వీధి గుమ్మం దాకా కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ ఉండేది. భోజనం కూడా నిలబడే. ఎందుకక్కా ఆ తిరుగుడు అని ఎవరైనా అడిగితే, కూర్చుంటే ఏదో మర్చిపోయినట్టు ఉంటుందని చెప్పేది. నిజంగానే ఒకటి మర్చిపోయింది. అదేమిటో తెలియడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

ఆ కంపెనీ బూట్లు చేస్తుంది. దుకాణాల్లో అద్దాల వెనక మెరిసే రకం కాదు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకు, షుగర్ జబ్బుతో వేళ్లు తీసేసినవాళ్లకు, పుట్టుకతోనే పాదం లోపలికి తిరిగినవాళ్లకు, ఎవరి కాలికి తగ్గట్టు వాళ్లకు కుట్టి ఇస్తుంది. అందుకు ముందుగా ఆ మనిషి పాదానికి ప్లాస్టర్‌తో అచ్చు తియ్యాలి. ఒకసారి తీస్తే మళ్లీ కంపెనీ గడప తొక్కక్కర్లేదు. ఐదేళ్ల తర్వాత ఫోన్ చేసి, అదే కొలత, ఈసారి నలుపు రంగు అంటే చాలు, జత ఇంటికి వస్తుంది. కాలు నొప్పి ఉన్నవాడికి అంతకంటే కావలసిందేముంది?

ఇరవై మూడేళ్ల వయసులో ఆవిడ చేరింది ఆ అచ్చులు దాచే గోదాములోనే. నేల నుంచి కప్పు దాకా ఇనుప అరలు, అరల నిండా తెల్లటి పాదాలు, ఒక్కోదాని మడమ మీద నల్లసిరాతో నంబరు. కుట్టే మేస్త్రి పైనుంచి నంబరు అరిస్తే, ఆయన సూదిలోకి దారం ఎక్కించేలోపు అచ్చు తెచ్చి చేతిలో పెట్టేది. మనుషుల ముఖాలు గుర్తుండేవి కావు గాని కాళ్లు గుర్తుండేవి. బజారులో ఎదురైనవాళ్లను కూడా కింద నుంచి పైకి చూసుకుంటూ వస్తుందని మేస్త్రి ఏడిపించేవాడు. గోదామక్క అనే పేరు అప్పుడు పడింది. అసలు పేరు ఏమిటో జీతం కాగితం చూస్తే తప్ప ఎవరికీ తెలియదు.

తర్వాత పాదాన్ని నలువైపుల నుంచి ఫొటో తీసి, కంప్యూటర్లో అచ్చులా నిలబెట్టే స్కానర్ వచ్చింది. రెండేళ్లపాటు ఒక్కో అచ్చునూ దాని ముందు పెట్టి తీశారు. తీసినదాన్ని తీసినట్టు పగలగొట్టి లారీలకు ఎత్తించారు. కంపెనీ పెట్టిన పెద్దాయన అప్పుడు ఇంకా పని చూసుకుంటున్నారు. గోదాము ఖాళీ అయితే అక్కడ మరో ఇరవై కుట్టు మిషన్లు పడతాయని ఆయన లెక్క. ఆ లారీలను, స్కానర్‌ను, దాన్ని కనిపెట్టినవాడి ఏడు తరాలనూ ఆవిడ తిట్టని రోజు లేదు. తిట్టుకుంటూనే కంప్యూటర్ నేర్చుకుంది. కాళ్లు ఎక్కడుంటే తానక్కడ. అచ్చులతో పాటు తానూ సర్వర్ గదిలోకి నడిచింది.

అక్కడ ఒక నియమం ఉండేది. ఒక నకలు ఎప్పుడూ భవనం బయట ఉండాలి. నిప్పు అంటుకున్నా, దొంగలు పడ్డా, పదకొండు వేల మంది కాళ్లు మళ్లీ దొరకాలి. అందుకని శుక్రవారం శుక్రవారం సర్వర్లో ఉన్నదంతా అరచేతిలో పట్టేంత టేపు మీదికి ఎక్కించి, పచ్చదీపం వెలిగాక పుస్తకంలో సంతకం పెట్టి, ఆ టేపును గుడ్డలో చుట్టి ఒక స్టీలు పెట్టెలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయేది. బీరువా మధ్య అర దానిది. నాలుగు టేపులు వంతులవారీగా వెళ్లి వస్తుండేవి.

ఆవిడ భర్త బస్సు డ్రైవరు, ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నాడు. ముప్పై ఏళ్లు యాభై మంది ప్రాణాలు వెనక కూర్చోబెట్టుకుని నడిపినవాడు కాబట్టి, బాధ్యత అనే మాటంటే ఆయనకు తగని గౌరవం. ఆ పెట్టెను కంటికి రెప్పలా చూసుకునేవాడు. అయస్కాంతం తగిలితే టేపు పాడవుతుందని ఎవరో చెప్పగా విని, పాత రేడియోను బీరువా ఉన్న గదిలోంచి వంటింటికి తరలించాడు.

ఆరేళ్ల కిందట ఒక మధ్యాహ్నం పడ్డ వానకు వీధి కాలువ పొంగింది. వాళ్లది కింది వాటా. గడప దాటిన నీళ్లు చూస్తుండగానే మోకాళ్ల దాకా వచ్చాయి. ఆయన మంచం కింది ట్రంకు పెట్టె లాగబోతుంటే, ఆవిడ "ముందు బీరువాలో పెట్టె" అని అరిచింది. ఆయన స్టీలు పెట్టెను నెత్తిన పెట్టుకుని పై వాటాకు ఎక్కించి దిగి వచ్చాడు. అప్పటికి ట్రంకు నీళ్లలో మునిగిపోయింది. అందులో ఫొటోల ఆల్బమ్ ఉంది. కూతురు పుట్టిన రోజున ఆసుపత్రిలో సిరా అద్ది తీసిన పాదం ముద్ర కూడా ఉంది, రెండు బొటనవేళ్లంత పాదం. ఫొటోలను ఆరబెట్టారు గాని ముఖాలు నిలవలేదు. ముద్ర ఉన్న కాగితం నీలంగా మారి ముద్దయింది.

ఆ నష్టం గురించి ఆయన ఎప్పుడూ నోరెత్తలేదు. పైగా బంధువులు ఎవరొచ్చినా ఆ వాన కథ చెప్పేవాడు. నీళ్లు ఒక్కోసారి నడుము దాకా వచ్చేవి, ఒక్కోసారి గుండెల దాకా. చివరి మాట మాత్రం మారేది కాదు. "పదకొండు వేల మంది కాళ్లు ఆ రోజు నా నెత్తి మీద నడిచాయి" అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా గోదామక్క తల పక్కకు తిప్పుకుని నవ్వుకునేది. ఆవిడకు ఇంట్లో దొరికిన గౌరవం అంతా ఆ మాటలోనే ఉంది మరి.

ఇక ఈ ఏడాది సంగతి. పెద్దాయన తప్పుకుని కూతురు బాధ్యత తీసుకుని ఐదేళ్లయింది. అందరూ మేడమ్ అంటారు. పాత సర్వర్ మూలుగుతోంది, పై అంతస్తులో స్కాన్ తెరవాలంటే టీ తాగి రావాల్సి వస్తోంది. మేడమ్ ఒక సలహాదారును పిలిపించింది. ముప్పై దాటని కుర్రవాడు, చొక్కా నలగదు, మాట తొణకదు. బోర్డు మీద గీసి చెప్పాడు. సొంత గదిలో సొంత యంత్రం పెట్టుకోవడం ఒక దారి, పాడైతే బాధ మనదే. క్లౌడ్‌లో చోటు అద్దెకు తీసుకోవడం రెండోది, అంటే ఎక్కడో పెద్ద భవనంలో వేరేవాళ్ల యంత్రాల మీద మన సరుకు ఉంటుంది, కాపలా వాళ్లది. అందులోనూ రోజూ వాడేవాటికి ఒక రకం చోటు, ఏళ్లకోసారి అడిగేవాటికి చవకగా దొరికే ఇంకో రకం చోటు, కాకపోతే తెరిపించుకోవడానికి కొన్ని గంటలు ఆగాలి. వీటన్నిటికీ పక్కన డేటా వేర్‌హౌస్ అని ఒకటి. ఆర్డర్లు, కొలతలు, ఫిర్యాదులు అన్నిటినీ ఒక తీరున పేర్చి పెడితే, ఏ తోలు ఎన్నాళ్లకు అరుగుతోంది, ఏ రకం పాదానికి ఏ మడమ కుదరడం లేదు అని అడిగి తెలుసుకోవచ్చు.

మేడమ్ రాసుకుంటోంది. గోదామక్క గది చివర నుంచి చివరకు నడుస్తూ వింది. రోజూ వాడేవి ముందు అరలో, ఎప్పుడో వాడేవి అటక మీద, అన్నిటికీ ఒక చిట్టా. దీనికి బోర్డు ఎందుకు, ఇది నేను ఇరవై మూడేళ్లప్పుడు చేసిన పనేగా అనుకుంది. పైకి మాత్రం, మీ భవనంలో నిప్పు అంటుకుంటే ఎట్లా అని అడిగింది. అతను నవ్వలేదు. మంచి ప్రశ్న అని చెప్పి, రెండు ఊళ్లలో రెండు నకళ్లు ఉంటాయన్నాడు. తర్వాత తనూ ఒక ప్రశ్న అడిగాడు.

"టేపుల్లోంచి ఎప్పుడైనా వెనక్కి తీసి చూశారా అండీ?"

"ప్రతి శుక్రవారం పచ్చదీపం చూసే సంతకం పెడతాను" అంది గోదామక్క.

"ఎక్కిందో లేదో కాదండీ. తీస్తే వచ్చిందా అని."

ఆవిడకు ఒళ్లు మండింది. అంతా సక్రమంగా ఉండగా తీసి చూడడమెందుకు? నమ్మకం లేకనా? అతను మర్యాదగానే, సోమవారం వస్తాను, ఇద్దరం కలిసి ఒక టేపు తెరుద్దాం అన్నాడు. నెలాఖరుకల్లా అంతా క్లౌడ్‌కు ఎక్కించి పాత యంత్రాన్ని పంపించేద్దామని మేడమ్ తేల్చింది.

ఆ ప్రశ్న ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుంది. సోమవారం దాకా ఆగే ఓపిక ఆవిడకు పుట్టుకతోనే లేదు. శుక్రవారం పొద్దున తలుపు వేసుకుని, ఇంటి నుంచి తెచ్చిన టేపును తొడిగి, గుర్తొచ్చిన మొదటి మనిషి పేరు కొట్టింది. లెక్కల మాస్టారు. కుడికాలు రెండంగుళాలు పొట్టి, ఇరవై ఏళ్ల నుంచి కంపెనీ బూటే. ఆయన చిరునామా వచ్చింది. ఆర్డర్లన్నీ వచ్చాయి. స్కాన్లు ఉండాల్సిన ఫోల్డర్ దగ్గర ఫోల్డర్ లేదు. చీమ తలకాయంత ఫైలు ఒకటి ఉంది, అంతే. ఇంకొకరి పేరు కొట్టింది. అదే ఫైలు. ఇంకో టేపు తొడిగింది. అందులోనూ అదే.

అది షార్ట్‌కట్. అంటే సరుకు కాదు, సరుకు ఫలానా చోట ఉందని చెప్పే చీటీ. ఆ చీటీ పెట్టింది ఎవరో ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. తొమ్మిదేళ్ల కిందట పాత డిస్కు నిండిపోతే, స్కాన్లన్నిటినీ రెండో డిస్కులోకి మార్చింది తనే. పై అంతస్తు వాళ్లకు దారి తప్పకుండా పాతచోట షార్ట్‌కట్ వదిలింది కూడా తనే. టేపు మీదికి నకలు తీసే బ్యాకప్‌కు మాత్రం కొత్త చోటు చెప్పలేదు. అది చెప్పినమాట వినే పనివాడిలా ఆ చీటీనే వారం వారం శ్రద్ధగా నకలు తీసి, పని అయిందని పచ్చదీపం వెలిగించింది. అంతకుముందు మూడు గంటలు పట్టే పని ఆ వారం నుంచి నలభై నిమిషాల్లో ముగిసింది. కొత్త డిస్కు చురుకు అనుకుని సంబరపడింది. పెద్దాయన అందరి ముందూ ఆ మాట చెప్పి చప్పట్లు కొట్టించారు.

పదకొండు వేల మంది పాదాలు ఇప్పుడు లోకం మొత్తం మీద ఒక్కచోటే ఉన్నాయి, ఆ మూలిగే డిస్కులో. అచ్చులు ఎప్పుడో పిండైపోయాయి.

ఒక దారి కనిపించింది. సోమవారంలోగా ఆ డిస్కు మొత్తాన్ని బయటి డిస్కులోకి దించేస్తే, టేపుల సంగతి ఎవరూ ఎత్తరు. సలహాదారుకు ఏదో సర్దిచెప్పొచ్చు. తొమ్మిదేళ్ల సంతకాలు సంతకాలుగానే ఉంటాయి. కాపీ మొదలుపెట్టి సాయంత్రం ఇంటికి వెళ్లింది. ఆ శుక్రవారం కూడా పెట్టె పట్టుకునే వెళ్లింది. భర్త ఎప్పటిలా రెండు చేతులా అందుకుని బీరువాలో పెట్టాడు.

శనివారం ఎనిమిదింటికల్లా వచ్చేసరికి నూటికి నలభై వంతుల కాపీ పూర్తయింది. పదింటికి డిస్కులోంచి చప్పుడు మొదలైంది. టక్, కాసేపు ఆగి టక్ టక్. తెర మీద అంకె కదలడం మానేసింది, మళ్లీ ఒకటి కదిలింది. గదిలో మూడడుగులు ఇటు, మూడడుగులు అటు తిరిగింది. డిస్కు అలా కొట్టుకుంటోందంటే లోపల గీరుకుపోతోందని, నడిపించినకొద్దీ గీరుకుంటుందని ఆవిడకు తెలుసు. ఆపేస్తే మళ్లీ తెరవడం తన వల్ల కాదు. దాన్ని విప్పి తీసే నిపుణులు వేరే ఉంటారు, వాళ్లను పిలవాలంటే అంతా చెప్పాలి. నడిపిస్తే అదృష్టం బాగుంటే ఎవరికీ తెలియకుండా గట్టెక్కొచ్చు. టక్ మన్నప్పుడల్లా ఎవరిదో కాలు పోతున్నట్టు ఉంది. ఎవరిదో కాదు, ఆవిడకు వాళ్ల నంబర్లు తెలుసు. మడమల మీద ఆ నంబర్లు రాసింది తనే.

తీగ పీకేసింది.

మేడమ్ గదిలోకి వెళ్లి నిలబడే చెప్పింది. షార్ట్‌కట్ దగ్గర మొదలుపెట్టి చప్పట్ల దాకా, చప్పట్ల నుంచి పొద్దుటి చప్పుడు దాకా ఏదీ దాచలేదు. మేడమ్ కలం మూత తీసింది, మళ్లీ పెట్టింది.

"నిన్ననే తెలిసిందా?"

"నిన్న పొద్దునే."

"నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది."

"నాకు చాలా కోపంగా ఉంది అక్కా. అది తగ్గడానికి టైమ్ పడుతుంది. మీరు వెళ్లి ఆ డిస్కు దగ్గరికి ఎవర్నీ రానివ్వకండి" అంది మేడమ్. సలహాదారుకు అప్పుడే ఫోన్ చేసింది. అతను రెండే మాటలు చెప్పాడు, ముట్టుకోవద్దు, నేను వస్తున్నాను.

డిస్కును దూదిలో పెట్టి నిపుణులకు పంపించారు. మూడు వారాలు. ఆ మూడు వారాలూ గోదామక్క కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది. పై అంతస్తులో కుట్టు ఆగినప్పుడల్లా తన వల్లేనేమో అని మెట్లెక్కి చూసేది. మేస్త్రి ఎప్పటిలా నంబరు అరిచి, అరిచాక గుర్తొచ్చి నోరు మూసుకునేవాడు. చివరికి కబురొచ్చింది. మూడు వందల ఆరుగురివి తప్ప అన్నీ దొరికాయి. ఇంకో గంట నడిపించి ఉంటే సగం కూడా దక్కేది కాదని నిపుణులు చెప్పారట. ఆ మాట సలహాదారు ఊరడింపుగా చెప్పాడు. ఆవిడకు ఊరట కలగలేదు. పోయిన ఆ మూడు వందల ఆరింటినీ లెక్కపెట్టుకుంటోంది.

మేడమ్ ఉద్యోగం తీసెయ్యలేదు. ఆ మూడు వందల ఆరుగురికీ మీరే ఫోన్ చేసి, మీరే కొలతలు తీసుకోవాలని చెప్పింది. కొందరు తిట్టారు, కొందరు పరవాలేదన్నారు, రాలేనివాళ్ల ఇళ్లకు స్కానర్ మోసుకుని ఆవిడే వెళ్లింది. ఎనిమిదో రోజున లెక్కల మాస్టారు కర్ర పట్టుకుని కంపెనీకి వచ్చాడు. ఆయనదీ పోయినవాటిలోనే ఉంది. డెబ్భై ఏడేళ్లు, మెట్లెక్కడానికి పావుగంట పట్టింది. ఆవిడ నేల మీద కూర్చుని ఆయన బూటు విప్పుతూ తప్పు తనదేనని చెప్పింది. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది.

"మీ దగ్గర భద్రంగా ఉందని నేను మళ్లీ దాని గురించి ఆలోచించనే లేదమ్మా" అన్నాడు.

క్లౌడ్‌కు ఎక్కించడం పూర్తయింది. వేర్‌హౌస్ కూడా నిలబడింది. టేపులకు పని లేకుండా పోయింది. ఇప్పుడు శుక్రవారం పదకొండింటికి గోదామక్క కళ్లు మూసుకుని ఒక నంబరు చెబుతుంది. అంత దూరం నుంచి ఆ మనిషి పాదాన్ని వెనక్కి తెప్పించి, తెర మీద నలువైపులా తిప్పి, ఐదు వేళ్లు ఉండాల్సిన చోట ఐదూ, మూడు ఉండాల్సిన చోట మూడూ చూసుకున్నాకే సంతకం పెడుతుంది. సలహాదారు ఈ పద్ధతిని వేరే కంపెనీల్లో కూడా చెబుతున్నాడట.

కంపెనీలో అందరికీ తెలిసిన ఈ సంగతి ఇంట్లో తెలియదు. మేడమ్‌కు చెప్పడానికి ఒక్క రోజు పట్టింది. మొగుడికి చెప్పడానికి రెండు నెలలైనా నోరు పెగల్లేదు. పెట్టె మారడం లేదేమని ఆయన అడిగితే కొత్త పద్ధతి వచ్చిందని తప్పించుకుంది. పాత టేపులను పారెయ్యమంటే ఆయనే ఒప్పుకోలేదు, ఉండనీ, ఇన్నాళ్లు కాపాడినవి అన్నాడు.

ఒక ఆదివారం ఆయన తమ్ముడు భార్యతో వచ్చాడు. భోజనాలయ్యాక వాన కథ మొదలైంది. ఈసారి నీళ్లు గుండెల దాకా వచ్చాయి. ఆయన చెయ్యి నెత్తి మీదికి వెళ్లబోతుండగా గోదామక్క లేచి వంటింట్లోకి పోయింది. అక్కడ కడిగిన గిన్నెలనే మళ్లీ కడిగింది. ఆ చివరి మాట గోడ దాటి వినిపించింది. మరిది, తోడికోడలు ఆహా అన్నారు. వాళ్లను సాగనంపి వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. ఆయన ఇంకా ఆ సంతోషంలోనే ఉన్నాడు.

"ఆ పెట్టెలో కాళ్లు లేవండీ" అంది.

ఆయనకు అర్థం కాలేదు. ఆవిడ మొదటి నుంచి చెప్పింది. ఆయన అంతా విని బీరువా తీసి, స్టీలు పెట్టెను కిందికి దించి, మూత తెరవకుండా ఒళ్లో పెట్టుకున్నాడు.

"వాన వచ్చిన రోజున కూడా లేవా?"

"లేవు. అప్పటికే మూడేళ్లయింది."

"మరి పాప కాలు..." అని ఆగిపోయాడు.

ఆరేళ్లలో ఆ ముద్ర మాట ఆయన నోట రావడం అదే మొదలు. గోదామక్కకు తల తీసేసినట్టయింది.

"ముందు పెట్టె అన్నది నేనే" అంది.

"అన్నావు. నేను ఎత్తాను" అన్నాడు.

ఆవిడ ఎటూ నడవలేకపోయింది. వెళ్లి మంచం మీద ఆయన పక్కన కూర్చుంది. వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయారు. ఆయన ఆ పెట్టె మీద చెయ్యి అలాగే ఉంచి, ఆవిడ వైపు చూడకుండా మాట్లాడాడు.

"ఇంకోసారి నన్ను ఏదైనా ఎత్తమనే ముందు ఒక్కసారి మూత తీసి చూడవే."

"చూస్తాను" అంది.